మిల్లు ఆఫీసుకు ఐదు ఇంటర్నెట్ ఫోను లైన్లు: ఫోన్లు కొనేముందు చూసుకోవలసినవి

మిర్యాలగూడ శివారులో రైస్ మిల్లు, ఆఫీసులో ఐదుగురు, చేతుల్లో ఐదు సెల్ ఫోన్లు. ధాన్యం దిగే రోజుల్లో బ్రోకర్లు, లారీల వాళ్లు ఎవరికి చేసినా బిజీ. ఆఫీసులో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది కాబట్టి దాని మీదే ఐదు ఇంటర్నెట్ ఫోను లైన్లు పెట్టుకుందామని మీ ఆలోచన. ఏ కంపెనీ ఫోన్లు మంచివి, ఈ నెట్ సరిపోతుందా అని అడిగారు.

నెట్ సరిపోతుంది. పేరున్న కంపెనీ ఫోను ఏదైనా ఫరవాలేదు. ఇక్కడితో ఆపితే మీ ప్రశ్నకు జవాబు అయిపోయినట్టే కానీ, మీ ఇబ్బంది అలాగే మిగిలిపోతుంది. నేను రాగి తీగల ఎక్స్‌ఛేంజిలో పని నేర్చుకుని, తర్వాత నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు చిన్న ఆఫీసులకు ఈ ఏర్పాట్లే చేస్తూ వచ్చినవాడిని. చెడిపోయాయని పిలిపించిన చోట్ల ఫోను వల్ల చెడినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ రూటరు, కరెంటు, కేబులు, లేదంటే నంబరు ఎవరి పేరున ఉంది అన్న సంగతి దగ్గర చెడినవే.

ముందు ‘లైను’ అనే మాటను విప్పి చూద్దాం. రాగి తీగల కాలంలో లైను అంటే ఒక జత తీగలు. జతకు ఒక నంబరు, నంబరుకు ఒకేసారి ఒక సంభాషణ. ఐదు కావాలంటే ఐదు జతలు లాగేవాళ్లం. ఇంటర్నెట్ ఫోనులో ఈ మూడూ విడిపోయాయి. నంబరు మీ గేటు మీది బోర్డు లాంటిది, ఒకటుంటే చాలు. చానల్ అంటే ఆ గేటులోంచి ఒకేసారి ఎన్ని లారీలు పట్టగలవన్న లెక్క. ఎక్స్‌టెన్షన్లు, అంటే ఆఫీసులోని ఒక్కో ఫోను, లోపల లోడు దించుకునే చోట్లు. అవి చానళ్ల కంటే ఎక్కువైనా ఉండవచ్చు, తక్కువైనా ఉండవచ్చు. కాబట్టి మీరు కంపెనీ వాళ్లను అడగవలసింది ‘ఒక నంబరు, దాని మీద ఇన్ని చానళ్లు’ అని. ‘ఐదు లైన్లు’ అని అడిగితే కొందరు ఐదు నంబర్లు, ఐదు నెలవారీ బిల్లులు అంటగడతారు.

ఎన్ని చానళ్లు కావాలన్నది ఊహించి చెప్పేది కాదు. కాటా దగ్గర మీరు రోజూ చూసేదే ఇది. రోజంతా మీద చూస్తే కాటా సగం సేపు ఖాళీగానే ఉంటుంది, అయినా పది గంటలకు లారీలు రోడ్డు దాకా బారులు తీరతాయి. కాల్స్ కూడా అంతే, సమానమైన ఎడంతో రావు. డెన్మార్క్ గణితవేత్త అగ్నెర్ క్రారుప్ ఎర్లాంగ్ దీనికి 1917లోనే సూత్రం కట్టాడు. ఎక్స్‌ఛేంజిల మధ్య ఎన్ని జంక్షన్లు, అంటే కలిపే తీగలు, వేయాలో మేము తేల్చుకున్నది ఆ లెక్కతోనే. పల్లెలో వంద ఫోన్లున్నా పట్నానికి వెళ్లే తీగలు కొన్నే ఉండేవి, పని జరిగిపోయేది.

మీ రద్దీ గంటలో 30 కాల్స్ వస్తాయనుకుందాం, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మొత్తం 90 నిమిషాల మాట. గంటలో 90 నిమిషాలంటే రెండు చానళ్లు చాలు కదా అనిపిస్తుంది. ఎర్లాంగ్ లెక్క వేస్తే వచ్చేది వేరు. ఒక్క చానలుంటే నూటికి 60 మందికి బిజీ వస్తుంది. రెండుంటే 31 మందికి, మూడుంటే 13 మందికి, నాలుగుంటే దాదాపు 5 మందికి, ఐదుంటే ఒకరిద్దరికి. మూడో చానలు దగ్గర నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఐదుకు వెళ్లినప్పుడు వచ్చే తేడా చూడండి. ఆరోది చేర్చితే మిగిలేది అరశాతం లోపే, దానికి డబ్బు పెట్టనవసరం లేదు. అయితే బిజీ తగిలినవాళ్లు ఊరుకోకుండా వెంటనే మళ్లీ చేస్తారు, మీ వాళ్లు బయటికి చేసే కాల్స్ కూడా ఇవే చానళ్లను వాడుకుంటాయి. ఆ రెండూ కలుపుకునే లెక్క వేయాలి.

అందుకని కొనేముందు ఒక పని చేయండి. బాగా రద్దీగా ఉండే రోజు ఒకటి పట్టుకుని, ఐదు సెల్ ఫోన్ల కాల్ జాబితాలూ ముందు పెట్టుకుని, ఉదయం 9 నుంచి 12 వరకు వచ్చినవి, పోయినవి, తప్పిపోయినవి గంటల వారీగా రాయండి. ఆఫీసు పనికి సంబంధం లేనివి కొట్టేయండి. ఖాతా పుస్తకం రాసే చేతులకు ఇది అరగంట పని. మీరు ఊహించిన ఐదు సరిపోవచ్చు, నాలుగే చాలవచ్చు. యాసంగి, వానాకాలం సీజన్లు రెండూ ఒకేలా ఉండవన్నది మీకే బాగా తెలుసు.

ఇక నంబరు సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ విలువైనది ఇదే. సూర్యాపేట వైపు ఒక విత్తనాల దుకాణంలో పన్నెండేళ్లు పనిచేసిన గుమాస్తా మానేసి, నాలుగు దుకాణాల అవతల సొంతంగా తెరిచాడు. సిమ్ కార్డు అతని పేరునే ఉంది. రైతుల ఫోన్లలో ఆ నంబరు దుకాణం పేరుతోనే ఉండిపోయింది. ఫోను చేసినవాళ్లందరూ కొత్త దుకాణానికే వెళ్లారు. అతను మోసమేమీ చేయలేదు, తన ఫోను తాను ఎత్తాడు, అంతే. మీ ఐదుగురి సిమ్‌లు ఎవరెవరి పేర్లతో ఉన్నాయో ఈ రోజే చూసుకోండి.

కొత్త నంబరు మిల్లు పేరున, మిల్లు జీఎస్టీ, పాన్ కాగితాల మీద తీసుకోండి. 08689 కోడ్‌తో ల్యాండ్‌లైన్ నంబరైతే మంచిది. నల్లగొండది 08682, సూర్యాపేటది 08684, మహబూబ్‌నగర్‌ది 08542 అని చూడగానే పట్టేసే వ్యాపారులు ఇప్పటికీ ఉన్నారు, నంబరును బట్టే ఊరు చెబుతారు. అయితే ఒక షరతు గుర్తుంచుకోండి. మొబైల్ నంబరును కంపెనీ మార్చుకుని కూడా ఉంచుకునే సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ సదుపాయం లేదు. కంపెనీ మారితే నంబరు పోతుంది, లారీల మీద, బస్తాల మీద వేయించుకున్నవన్నీ మార్చుకోవాలి. అందుచేత నెల అద్దెలో వంద రూపాయల తేడా చూసి కంపెనీని ఎంచుకోకండి. ఫైబర్ తెగినప్పుడు మిర్యాలగూడలో ఎవరి మనిషి ఎంతసేపట్లో వస్తున్నాడో పక్క మిల్లుల్లో నలుగురిని అడగండి. ఎలాగూ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అందరికీ ఒకటే.

ఏర్పాటుకు మూడు దారులున్నాయి. మొదటిది మీ దగ్గర ఇప్పటికే ఉండవచ్చు: ఫైబర్ పెట్టె వెనుక టెలిఫోన్ తీగ పట్టే చిన్న రంధ్రం. దానికి మామూలు ఫోను తగిలిస్తే మోగుతుంది, అది కూడా ఇంటర్నెట్ ఫోనే. ఇంటికి బాగుంటుంది, మీకు చాలదు. రెండోది, కంపెనీ నుంచి సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ ఫోను చానళ్ల కట్ట; సిప్ అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) తీసుకుని, ఆఫీసులో సొంత పీబీఎక్స్ పెట్టె, అంటే కాల్స్‌ను ఎక్స్‌టెన్షన్లకు పంచే చిన్న ఎక్స్‌ఛేంజి, పెట్టుకోవడం. మూడోది క్లౌడ్ పీబీఎక్స్. పెట్టె ఎక్కడో డేటా సెంటరులో ఉంటుంది, మీరు మనిషికింత అని నెలనెలా కడతారు.

హైదరాబాద్‌లో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చునే ఆఫీసైతే మూడోది తీసుకోమంటాను. మీకు రెండోదే సరి. మీ మాటల్లో సగం లోపలివే ఉంటాయి: ఆఫీసు నుంచి కాటాకు, కాటా నుంచి గోదాముకు, గోదాము నుంచి బాయిలర్ దగ్గరికి. రెండు వందల అడుగుల దూరంలో ఉన్న మనిషితో మాట్లాడడానికి గొంతు ముంబయి దాకా వెళ్లి రావడం ఎందుకు? ఎక్కడో రోడ్డు తవ్వి ఫైబర్ తెగితే కాటా కూడా మూగబోవడం ఎందుకు? పీబీఎక్స్ మీ ఆఫీసులో ఉంటే బయటి లైను పోయినా లోపలి మాట ఆగదు. 1999లో మార్క్ స్పెన్సర్ రాసిన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చిన్న కంప్యూటర్ మీద కూడా ఈ పని చేస్తుంది, మార్కెట్లో దొరికే పెట్టెల్లో చాలావాటి లోపల ఉన్నది అదే. దాన్ని చూసుకునే కుర్రవాడు మీ దగ్గర లేకపోతే మాత్రం, ఉచితం కదా అని దిగకండి. గ్యారంటీతో వచ్చే తయారు పెట్టె కొనండి.

చట్టం మాట రెండు ముక్కల్లో. ఇంటర్నెట్ మీదుగా మామూలు ఫోను నంబర్లకు కాల్స్ ఇవ్వడానికి లైసెన్సున్న కంపెనీలకు టెలికాం శాఖ 2018 జూన్‌లో దారి తెరిచింది, ఆ ఏడాదే బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ సేవ వచ్చింది. కాబట్టి ట్రంక్ లైసెన్సున్న కంపెనీ దగ్గరే తీసుకోండి. పది సిమ్ కార్డులు పెట్టే పెట్టె తెచ్చి, విదేశాల కాల్స్ మీ నెట్ ద్వారా దించుకుందాం, వాటా ఇస్తాం అని ఎవరైనా వస్తే గేటు దగ్గరి నుంచే పంపించండి. అది దొంగ ఎక్స్‌ఛేంజి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద అనుమతి లేని సేవకు మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా ఉంది. అలాగే ఈ లైన్ల నుంచి ‘మా బియ్యం కొనండి’ అంటూ వందల మందికి ప్రచార కాల్స్ చేయించకండి. నమోదు లేకుండా అలా చేసేవాళ్ల లైన్లన్నీ తీసేసి రెండేళ్ల దాకా నల్లజాబితాలో పెట్టమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో కంపెనీలను ఆదేశించింది. ఇంతకుముందు చెప్పినట్టు, నంబరు పోతే తిరిగి రాదు.

ఇప్పుడు మీ 100 ఎంబీపీఎస్. జి.711 అనే పద్ధతిలో, అంటే మామూలు ల్యాండ్‌లైన్ నాణ్యతతో, ఒక కాల్‌కు, గొంతును మోసే పొట్లాల (చిన్న డేటా ముక్కల) పై కట్లతో సహా, 87 కేబీపీఎస్ (వెయ్యి కలిస్తే ఒక ఎంబీపీఎస్) పడుతుంది, పోవడానికి అంత, రావడానికి అంత. ఐదు కాల్స్ కలిపి అర ఎంబీపీఎస్ కూడా కాదు. మరి 100 ఎంబీపీఎస్ ఉన్న ఆఫీసుల్లో మాట ఎందుకు తెగుతుంది? గొంతు సెకనుకు 50 చిన్న పొట్లాలుగా వెళ్తుంది. ఒక్కో పొట్లంలో సెకనులో యాభయ్యో వంతు మాట ఉంటుంది. అవి వరుసగా, సమాన వ్యవధిలో చేరాలి. అదే సమయంలో మీ సీసీ కెమెరాల రికార్డరు వీడియోను క్లౌడ్‌కు ఎక్కిస్తూ ఉంటే, రూటరులో పెద్ద వీడియో పొట్లాల వెనుక ఈ చిన్న పొట్లాలు నిలబడిపోతాయి. ట్రాక్టరు ట్రాలీల వెనుక చిక్కుకున్న అంబులెన్సు పరిస్థితే. స్పీడ్ టెస్టులో ఇది కనిపించదు, ఎందుకంటే అది రోడ్డు వెడల్పునే కొలుస్తుంది.

కొలవవలసినవి వేరే ఉన్నాయి. మాట ఒక చివర నుంచి మరో చివరకు 150 మిల్లీసెకన్లలోపు చేరాలి. పొట్లాల మధ్య ఎడం 30 మిల్లీసెకన్లకు మించి ఊగకూడదు. దారిలో పోయేవి నూటికి ఒకటి దాటకూడదు. రద్దీ వేళ, కెమెరాలు నడుస్తుండగా ఇవి చూడండి. తేడా వస్తే రూటరులో అప్‌లోడ్ హద్దును అసలు వేగంలో 90 శాతం దగ్గర కట్టి, ఫోను పొట్లాలకు ముందు దారి ఇవ్వండి. ఈ సదుపాయం క్యూఓఎస్ అనే పేరుతో ఉంటుంది. చాలా ఫోన్లు తమ పొట్లాల మీద 46 అనే గుర్తు వేసి పంపగలవు, ఆ గుర్తున్నవాటిని ముందు పంపమని రూటరుకు చెప్పాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చిన పెట్టెలో ఇది లేకపోతే విడిగా మంచి రూటరు కొనండి. ఫోన్ల మీద మిగుల్చుకున్న డబ్బు ఇక్కడ పెట్టమంటాను.

అదే రూటరులో ‘సిప్ ఏఎల్‌జీ’ అనే మీట ఒకటి ఉంటుంది. ఫోనుకు సాయం చేయడానికే పెట్టారు కానీ, నేను చూసినంతలో చేసిన చెరుపే ఎక్కువ. మొదటి రోజే ఆపేయండి. రోగాన్ని లక్షణం బట్టి పట్టుకోవచ్చు. అవతలివాళ్లకు మీరు వినిపిస్తున్నారు, మీకు వాళ్లు వినిపించడం లేదు అంటే, గొంతు పొట్లాలకు రూటరు దారి మూసిందని అర్థం. ప్రతి కాల్ సరిగ్గా అరనిమిషం దాటగానే తెగిపోతోందంటే గడియారం పట్టి చూడండి. 32 సెకన్లయితే, కాల్ కుదిరిందన్న చివరి కబురు మధ్యలో ఎక్కడో పోతోంది. అన్ని సెకన్లు ఎదురుచూసి సర్వరు కాల్‌ను వదిలేయాలన్నది సిప్ నియమంలోనే ఉంది. అప్పుడు ఎవరైనా ఫోను మార్చమంటే మార్చకండి, లోపం అందులో లేదు. 15 లేదా 30 నిమిషాలకు తెగితే అది సెషన్ టైమరు అనే మరో అమరిక.

ఇంకోటి చూసుకోండి. కంపెనీ పెట్టె ఒక రూటరు, దానికి తగిలించిన మీ రూటరు రెండోది అయితే, నెట్ చిరునామాలు రెండుసార్లు మారి ఇవే రోగాలు వస్తాయి. కంపెనీ పెట్టెను బ్రిడ్జి పద్ధతిలో, అంటే అది రూటరు పని మానేసి నెట్‌ను మీ రూటరుకు నేరుగా అందించేలా, పెట్టించండి. మీ రూటరుకు బయటివైపు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, దాన్ని ఎంతోమందికి కలిపి పంచారని తెలుసుకోండి. మీ పీబీఎక్స్‌కు బయటి నుంచి చేరాలంటే స్థిరమైన చిరునామా అడిగి తీసుకోవాలి. ట్రంక్‌కు కంపెనీ వాళ్లు విడిగా తీగ ఇస్తే ఈ బాధే ఉండదు.

స్థిర చిరునామా వచ్చిందని 5060 పోర్టును, అంటే సిప్ కాల్స్ వచ్చే తలుపును, ప్రపంచానికి తెరిచి పెట్టకండి. తెరిచిన కొద్ది గంటల్లోనే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి తలుపు తడతాయి. నేను పెట్టినదే ఒక ఆఫీసులో, ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ కూడా 201 అనే తాత్కాలికంగా పెట్టి, రేపు మారుద్దామని ఇంటికి వచ్చాను. తప్పు నాదే. శనివారం రాత్రి మొదలై ఆదివారం సాయంత్రం దాకా పేరు కూడా వినని దేశాలకు కాల్స్ వెళ్లాయి. అప్పటి నుంచి విదేశీ కాల్స్‌ను మొదట కంపెనీ దగ్గరే ఆపించేసి, ఆ తర్వాతే పెట్టె మూత తెరుస్తున్నాను. మీకు విదేశాలకు ఎగుమతి ఉంటే ఒక్క ఎక్స్‌టెన్షన్‌కు, ఒక్క దేశానికి తెరవండి. ఊళ్లో లేనప్పుడు మీ సెల్‌లోని యాప్ ద్వారా మాట్లాడాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌లోకి తాళం వేసిన దారి) మీదుగా రండి.

కరెంటు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మీది మిల్లు. పాత ల్యాండ్‌లైన్ కరెంటు పోయినా ఎందుకు మోగేదో గుర్తుందా? ఎక్స్‌ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ తీగలోనే కరెంటు వచ్చేది. ఫైబర్ గాజు, అందులో వెలుగే వస్తుంది. ఫైబర్ పెట్టె, రూటరు, స్విచ్ (నెట్ కేబుళ్లను కలిపే పెట్టె), పీబీఎక్స్, ఫోన్లు అన్నింటికీ మీరే కరెంటు ఇవ్వాలి. ఒక్కటి ఆగినా అన్నీ ఆగినట్టే. మొత్తం కలిపి 60 వాట్లకు అటూ ఇటూ ఉంటుంది. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ పాతబడి సగానికి పడినా పది గంటలు లాగుతుంది. అయితే ఇన్వర్టర్ వెనుక ‘నార్మల్’, ‘యూపీఎస్’ అని చిన్న మీట ఉంటే దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కానీ రూటరు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలు అన్ని లైన్లూ మూగ. ‘మాకు ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోతే ఫోన్లు పోతున్నాయి’ అని పిలిస్తే నేను మొదట చూసేది ఆ మీటనే. మిల్లు మోటార్లు అందుకునేటప్పుడు వోల్టేజి కుంగుతుంది కాబట్టి, ఈ సామానంతటినీ మోటార్లతో కలవని వైరింగు మీద పెట్టించండి.

ఫోన్లకు ఒక్కోదానికి అడాప్టరు పెట్టకుండా పీఓఈ స్విచ్ కొనండి. నెట్ కేబులులోనే కరెంటు వెళ్తుంది, ఫోను దగ్గర ప్లగ్ అక్కరలేదు, ఒక్క స్విచ్‌కు బ్యాటరీ ఉంటే అన్ని ఫోన్లూ బతుకుతాయి. ఆ కేబులు పొడవు వంద మీటర్లు దాటకూడదు. కాటా, గోదాము అంతకన్నా దూరమైతే, దూరం తక్కువే అయినా వేరే భవనమైతే కూడా, ఆ ఒక్క ముక్కకు ఫైబర్ వేయించండి. రెండు భవనాల ఎర్తింగులు వేరుగా ఉన్నప్పుడు మధ్యలో రాగి కేబులు లాగడమంటే పిడుగుకు దారి చూపినట్టే. ఒక వానాకాలం సాయంత్రం దూరంగా ఎక్కడో పడిన పిడుగుకు స్విచ్, పీబీఎక్స్, రెండు ఫోన్లు ఒకేసారి మాడిపోగా చూశాను, కారణం గోదాముకు గోడ మీదుగా వేసిన కేబులే. గాజుకు ఆ భయం లేదు. ఊక, తవుడు దుమ్ము స్విచ్ ఫ్యానులో పేరుకుంటుంది, ఫ్యాను లేని స్విచ్‌ను మూత ఉన్న పెట్టెలో పెట్టండి. ఎలుకల సంగతి మిల్లు యజమానికి నేను చెప్పేదేముంది, కేబులు గొట్టంలో వేయండి.

రెండో నెట్ కనెక్షన్ అడుగుతారేమో. పెట్టుకోండి, కానీ రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీద వస్తుంటే ఆ ఖర్చు దండగ. ఏ పక్క నుంచి వస్తున్నాయో నడిచి చూడండి. అంతకన్నా తేలిక ఏమిటంటే, ట్రంక్ పడిపోతే కాల్స్ మీ మొబైల్‌కు మళ్లేలా కంపెనీ దగ్గరే అమర్చమనడం. ఒప్పందం రాసేముందే ఇది అడగండి.

ఫోన్లు మోగే వరుస మీరే నిర్ణయించుకోవాలి. నా సలహా: ముందు ఆఫీసులోని రెండు ఫోన్లు 15 సెకన్లు, ఎవరూ ఎత్తకపోతే ఐదూ, అప్పటికీ కాకపోతే మీ సెల్. రాత్రి తొమ్మిది తర్వాత వాచ్‌మన్ దగ్గరిది. ‘ధాన్యం కోసం ఒకటి నొక్కండి, తవుడు కోసం రెండు నొక్కండి’ అనే యంత్రం గొంతు పెట్టకండి. ఐదుగురు ఉన్న ఆఫీసుకు ఆ ఆర్భాటం అనవసరం, లారీ నడుపుతున్న డ్రైవరు ఏ అంకె నొక్కుతాడు? అందరూ మాట్లాడుతున్నప్పుడు మాత్రం ‘కాసేపు ఆగండి, ఎత్తుతున్నాం’ అని మీ ఆఫీసు మనిషి గొంతుతోనే తెలుగులో ఒక ముక్క రికార్డు చేసి పెట్టండి. కాల్స్ రికార్డు చేస్తే ఆ సంగతి కూడా అందులోనే చెప్పండి.

ఎక్స్‌టెన్షన్లను 201 నుంచి మొదలుపెట్టండి. 101 నుంచి మొదలుపెట్టిన ఒక చోట గోదాముకు 108 వచ్చింది. గోదాములో మనిషికి దెబ్బ తగిలి అంబులెన్సు కోసం ఆఫీసు ఫోనులో 108 నొక్కితే గోదాములోనే ఫోను మోగింది. 100, 101, 108, 112 బయటికే వెళ్లాలి, వాటిని పీబీఎక్స్‌లో విడిగా రాయించండి. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. అది పెట్టె తనంత తానే చేర్చేలా అమర్చితే మీ వాళ్లకు గుర్తుంచుకునే పని తప్పుతుంది.

ధరల పట్టికలు, సరుకు ఫోటోలు మీరు వాట్సాప్‌లో పంపుతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. వాట్సాప్ బిజినెస్‌ను ల్యాండ్‌లైన్ నంబరు మీద తెరవవచ్చు. నమోదు చేసేటప్పుడు ఎస్సెమ్మెస్ రాదు కాబట్టి ‘కాల్ చేయండి’ అన్నది ఎంచుకోవాలి, ఆ కాల్ ఎత్తినవాళ్లకు అంకెలు చదివి వినిపిస్తుంది. ఆ ఐదు నిమిషాలు రికార్డు చేసిన గొంతును ఆపి, కాల్ నేరుగా ఒక ఫోనుకు వచ్చేలా పెట్టండి. లేకపోతే రెండు యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని పెట్టేస్తాయి. ఇలా చేస్తే బ్రోకర్లకు ఫోనుకూ, వాట్సాప్‌కూ ఒకే నంబరు, అది మిల్లుది.

ఫోన్ల సంగతి మిగిలింది. ఆఫీసులో రెండు మంచివి, తెర ఉన్నవి. కాటా దగ్గర, గోదాములో చవకైనవి, గంట మాత్రం గట్టిగా మోగేవి. మోటార్ల హోరులో మామూలు గంట వినపడదు. అన్నీ పీఓఈతో పనిచేసేవై ఉండాలి. అంతే.

అంతా బిగించాక పనివాడికి చివరి డబ్బు ఇచ్చేముందు, పని తక్కువున్న ఒక రోజు చూసి ఇలా చేయించండి. ఐదుగురూ ఐదు బయటి నంబర్లతో మాట్లాడుతూ ఉండాలి. కెమెరా రికార్డరు క్లౌడ్‌కు ఎక్కిస్తూ ఉండాలి. ఒకరు పెద్ద ఫైలు మెయిల్ చేయాలి. అప్పుడు మీరు వెళ్లి ఆఫీసు మెయిన్ స్విచ్ దించండి. ఐదు కాల్స్‌లో ఒక్కటైనా తెగితే అతన్ని మళ్లీ కూర్చోబెట్టండి.